తొమ్మిది ఇళ్ల బాన

మార్చి 28

కింది మడిలో మొదటి గులాబీలు విచ్చాయి. పదకొండు. కోయలేదు. పదకొండు పూలకు పన్నీరు పొయ్యి వెలిగిస్తే ఊరు నవ్వుతుంది.

ఊరంటే ఎవరున్నారులే. తొమ్మిది ఇళ్లు. మిగతా ఇళ్లకు తాళాలు, తాళాలకు తుప్పు. వాళ్లంతా నిజ్వాలోనో మస్కట్‌లోనో ఉంటారు. శుక్రవారం పెద్ద బండ్లలో పిల్లల్ని వేసుకుని కొండెక్కుతారు, మడిగట్ల మీద నిలబడి ఫొటోలు దిగుతారు, సాయంత్రానికి దిగిపోతారు. గట్టు రాళ్లు ఎక్కడ జారాయో వాళ్లకు తెలియదు. ఇరవై మూడేళ్లుగా పేరుస్తున్నవాణ్ని కనుక నాకు తెలుసు.

జలుబు ఇంకా తగ్గలేదు.

మార్చి 31

రంజాన్ పండగ. మా యజమాని బాబా ఖల్ఫాన్ కూతురు మదీహా వచ్చింది. నిజ్వాలో బడిపిల్లలకు పాఠాలు చెబుతుంది, ఇంటికొస్తే మాకు చెబుతుంది. ఈ రోజు పాఠం తొమ్మిది ఇళ్ల వాళ్ల ముందూ జరిగింది. నేను ఖావా, అదే ఇక్కడి కాఫీ, పోస్తూ విన్నాను.

నిజ్వా దుకాణంలో మన గులాబీ పన్నీరు కొనేవాళ్లు పొగ వాసన వద్దంటున్నారట. ఇంకో కొండ ఊళ్లో స్టీలు యంత్రం పెట్టారట. అందులో పన్నీరు ఏటి నీళ్లంత తేటగా వస్తుందట. "ఈ ఏడు మొదటి బాన బాగుంటే మట్టి పొయ్యిలు ఉంచుదాం. లేకపోతే మూసేసి యంత్రం తెప్పిస్తాను" అంది. అందరూ సరేనన్నారు. వాళ్లలో సగం మంది తమ గులాబీలు కోయడం కూడా మా మీదే వదిలేశారు, సరేననడానికి ఏం పోయింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. యంత్రం వస్తే నాకు పని ఉండదు. వీసా జూలైతో అయిపోతుంది, మళ్లీ వేయరు. మంచి పిల్ల, వెనక నుంచి చెప్పకుండా ముఖం మీదే చెప్పింది.

ఏప్రిల్ 25 శుక్రవారం, నమాజు అయ్యాక తొమ్మిది ఇళ్ల పన్నీరూ కలిపి పోసిన బాన తెరుస్తారు. ఎప్పటిలాగే బాబా ఖల్ఫాన్ అరచేతిలో పోయించుకుని వాసన చూడాలి. ఆయన తలూపితే తొమ్మిది ఇళ్లకూ పంచుతారు. ఊపకపోతే దానిమ్మ చెట్ల మొదట్లో పోసేస్తారు. నేను చూసినన్నాళ్లలో ఎప్పుడూ పోయలేదు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి బాబాకు మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. "ముక్కు మిగిలింది, అల్‌హందులిల్లా" అంటుంది ఊరు.

ఏప్రిల్ 2

పొయ్యి వెలిగింది.

సూర్యుడు రాకముందే కోయాలి. ఎండ తగిలిందంటే సారం పోతుంది. మూట నెత్తిన పెట్టుకుని రెండు వందల పద్నాలుగు మెట్లు. నిరుడు ఒక్కసారి ఆగేవాణ్ని, ఇప్పుడు నాలుగుసార్లు. కుండలో రెక్కలు పోసి, మధ్యలో రాగి గిన్నె పెట్టి, పైన చన్నీళ్ల గిన్నెతో మూసేశాను. ఆవిరి లేచి పై గిన్నె అడుగుకు తగిలి చుక్కచుక్కగా రాగి గిన్నెలో పడుతుంది. మొదట పచ్చివాసన, తర్వాత తీపి, తర్వాత మాడు. తీపి తగ్గి మాడు తగిలేలోపు దించాలి. ఆ లోపు అన్నది గడియారంలో ఉండదు.

ఈ ఏడు గడియారం పెట్టుకున్నాను. ముక్కుదిబ్బడ మరి.

బాబాను కుర్చీలో తెచ్చి ఎదురుగా కూచోబెట్టాను. మాట లేకపోయినా ఆయన ఉంటే పొయ్యి గదికి పెద్దదిక్కు. గిన్నె దించేముందు అలవాటుగా వంగి వాసన పీల్చాను. తలెత్తితే బాబా చూస్తున్నాడు. తలూపాడు. హమ్మయ్య అనుకుని బానలో పోశాను.

ఏప్రిల్ 3

ఆవిరి పట్టాను, యూకలిప్టస్ నూనె వేసి. కళ్లు మండాయి. మంట తెలుస్తోంది కదా, అదే మంచి గుర్తు.

ఏప్రిల్ 5

ఇంటి నుంచి లస్మవ్వ ఫోన్. ఆమెతో మాట్లాడే భాష రాయబోతే చెయ్యి ఒప్పుకోదు, బడిలో నేర్పిన తెలుగే వస్తుంది. అయినా ఆమె మాటలు ఆమె మాటలే.

"సంధ్య నాయినా, తిన్నవా?"

"తిన్న."

"ఈడ మామిడికాయ తొక్కు వెడ్తున్న. ఇల్లంత మెంతిపిండి వాసననే. జూలైల అస్తవు గదా అని నీకో సీస పక్కకు వెట్టిన."

"జూలైల ఎందుకస్త?"

"వీసా అయిపోతది గద."

"అయిపోతె మల్ల కొడ్తరు."

"ఇగ సాలు తియ్యి. ఇరవై మూడేండ్లాయె. ఏమున్నదయ్యా ఆ గుట్ట మీద?"

సిగ్నల్ పోతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. సెలవుకి వెళ్లినప్పుడు మొదటి రెండు రోజులు చుట్టాలు వస్తారు. మూడో రోజు నుంచి నేను ఎక్కడ కూచున్నా ఎవరో ఒకరికి అడ్డమే. చీపురు పట్టుకుని "జర జరుగు" అంటుంది. నేను లేకుండానే ఆ ఇల్లు కట్టారు, నేను లేకుండానే పిల్ల సంధ్య చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది. తప్పు వాళ్లది కాదు. ఇక్కడ మాత్రం నేను లేకపోతే పొయ్యి వెలగదు. పన్నెండేళ్లుగా ఈ కొండ మీద నా మాట నెగ్గే చోటు ఆ గదొక్కటే. అది పోతే నేనేమిటో నాకు తెలియదు. భయంగా ఉంది. రాసుకుంటే తగ్గుతుందంటారు, తగ్గలేదు.

ఏప్రిల్ 7

మెంతిపిండి వాసన ఎలా ఉంటుందని చాలాసేపు ఆలోచించాను. పని చెడింది.

ఏప్రిల్ 9

కుమార్ సరుకులు తెచ్చాడు. కోరుట్లవాడు, కింద బిర్కత్ అల్ మౌజ్‌లో రూమ్, రెండు రోజులకోసారి కొండెక్కుతాడు. వాడు రోజూ రానందుకు తిట్టుకుంటాను. ఈ రోజు వచ్చినందుకు దేవుడికి మొక్కాలి.

మట్టి పొయ్యిలకు కట్టెల బదులు ఇప్పుడు గ్యాసే. సిలిండరు మార్చి, లైటరు తీసుకుని పొయ్యి ముందు కూచున్నాను. బాబా ఎదురుగా కుర్చీలో. వాకిట్లోంచే వాడు అరిచాడు.

"అన్నా! గ్యాస్ గుప్పుమంటున్నది గదనే! లైటర్ అవతల పారెయ్! పారెయ్!"

పారేశాను. వాడు లోపలికి దూకి సిలిండరు కట్టేసి, బాబాను కుర్చీతో సహా ఎత్తి వాకిట్లో పెట్టాడు. తర్వాత నన్ను పట్టుకుని బయటికి లాగాడు.

"గింత వాసనస్తుంటె నీకు తెలుస్తలేదా?"

"సర్ది అయిందిరా."

"ఏం సర్దినే? దిసంబర్ల జరమొచ్చిననాటి సర్ది ఇంక ఉంటదా? పా, దవాఖానకు పోదాం."

"పోతె కాయిదం మీద రాస్తరు. కాయిదం మీద వడ్డంక దాగదు."

"ముసలాయన కూడ పోతుండెనే నీతోటి!"

ఇరవై అయిదో తారీఖు దాకా నోరు విప్పొద్దని వాడి పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాను. వాడు వేశాడు గానీ నా ముఖం చూడలేదు. వెళ్తూ వెళ్తూ సిలిండరు మూతి దగ్గర సబ్బు నురగ పెట్టి చూడటం నేర్పాడు. బుడగలు వస్తే కారుతున్నట్టు. బాబాను నేను చంపబోయాను. ఆ మాట ఇప్పటిదాకా రాయకుండా చుట్టూ తిరిగాను.

ఏప్రిల్ 10

ఉల్లిపాయ కోశాను. కన్నీళ్లు వచ్చాయి, వాసన రాలేదు. నిమ్మకాయ. కిరోసిన్ గుడ్డ. నా చెప్పులు.

జలుబు ముదిరింది.

ఏప్రిల్ 13

మడిలో కాలువ నీళ్లు మన వంతు. చల్లగా ఉన్నాయి, కాళ్లు పెట్టుకుని కూచున్నాను. ఒక జర్మనీ ముసలి జంట చేతికర్రలు ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చారు. వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్లూ నేనూ సమానమే కనుక మాటలు బాగా సాగాయి. వాళ్లదీ కొండమీద ఊరేనట. పిల్లలు లేక బడి మూసేశారట. సగం ఇళ్లు సెలవులకు వచ్చేవాళ్లవేనట. ఆవుల్ని ఎవరు చూస్తారని అడిగాను. పోలండు నుంచి వచ్చిన మనిషి ఒకడున్నాడట, పదిహేనేళ్లుగా. జున్ను కూడా వాడే చేస్తాడట, ఊరి పేరు మీద అమ్ముతారట.

ఆ పోలండాయన ముక్కు బాగుందా అని అడగబోయి మానుకున్నాను.

ఆమె గులాబీ ఒకటి కోసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఎండ అని చెప్పి తువ్వాలు ముఖానికి కప్పుకున్నాను.

ఏప్రిల్ 16

ఈ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాయాలి.

పూలు విరగబూశాయి. మూడు మూటలు. మూడోసారి మెట్లెక్కేసరికి మోకాళ్లు నావి కావు. పొయ్యిలు ఆరూ నింపి వెలిగించి, గోడకు ఆనుకున్నాను. కళ్లు మూతపడ్డాయి. తెరిచేసరికి, దించాల్సిన నాలుగు గంటలూ దాటి ఇంకో ముప్పావు గంట అయింది. చివరి పొయ్యి మంట పెద్దదిగా ఉంది. ఎవరు పెంచారు, నేనే పెంచి ఉంటాను.

గిన్నె తీశాను. నీళ్లు కాస్త ఎర్రగా ఉన్నాయి. ఎర్రగా ఉండటం తప్పు కాదు, ఒక్కో ఏడు ఉంటాయి. నాలుక మీద వేసుకున్నాను. చేదు. ఈ మధ్య అన్నీ చేదుగానే ఉన్నాయి. కుండ అడుగున రెక్కలు అంటుకున్నాయి, నల్లగానో గోధుమగానో, ఆ గదిలో వెలుతురు తక్కువ.

ఏం చెయ్యాలో తోచక బాబా వైపు చూశాను. ముఖం మామూలుగా పెట్టుకున్నాను, ఆయన కంగారుపడకూడదని. ఆయన నన్నే చూస్తున్నాడు. నేను గిన్నె ఆయన ముక్కు దాకా తీసుకెళ్లాను. పీల్చాడు. మళ్లీ నన్ను చూశాడు. తలూపాడు.

ఇంకేం కావాలి. డెబ్భై ఎనిమిదేళ్ల ముక్కు. బానలో పోసేశాను. తొమ్మిది ఇళ్ల పూలూ అందులోనే ఉన్నాయి.

ఏప్రిల్ 17

బాన నిండింది. మూతికి గుడ్డ కట్టాం. బాబా తలూపాడు కనుక బాగానే ఉంటుంది.

ఏప్రిల్ 20

బాగానే ఉంటుంది.

ఏప్రిల్ 23

ఉదయం హుస్నా అమ్మ పొయ్యి గది గుమ్మం దగ్గరికి వచ్చింది. బాబా భార్య. పిలవడం మామా అనే పిలుస్తాం, ఇక్కడ అమ్మను అలాగే అంటారు, కానీ రాస్తే మేనమామ గుర్తుకొస్తాడు నాకు. పూలు కోయడం ఆమె పని, పొయ్యి బాబా పని. ఆ గడప దాటి లోపలికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఈ రోజు కూడా బయటే నిలబడింది.

"మూత సందులోంచి మాడు వాసన వస్తోంది, ఓంకార్."

నేను కుండ తోముతూనే ఉన్నాను.

"నీకు రావడం లేదు కదూ?"

"జలుబు చేసింది."

"ఎప్పటి నుంచి?"

"డిసెంబరు."

"మరి ఎందుకు పోశావు అందులో?"

"బాబా తలూపారు."

ఆమె గడప మీద కూచుంది. వాకిట్లో మేక వచ్చి పూలమూట లాగుతుంటే అదిలించడానికి కూడా లేవలేదు. నేనే లేచి అదిలించి వచ్చాను.

"ఆయనకు వాసన పోయి పదమూడేళ్లయింది" అంది.

పైమడి మీంచి పడి తలకు దెబ్బ తగిలింది చూడు, ఆ ఏడు. దెబ్బ మానింది, వాసన తిరిగి రాలేదు. ఊరికి చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. మరుసటి ఏడు గులాబీలప్పుడు, అంతవరకు గట్టు రాళ్లు మోసే నన్ను పొయ్యి గదిలోకి పిలిచాడు.

"ఆ మనిషి ముక్కు మంచిది, ముఖం ఏదీ దాచదు అనేవాడు నాతో. బాగా కుదిరితే నీ కళ్లు సగం మూతపడతాయట. అది చూసి తలూపేవాడు."

నన్ను పిలిచిన రోజు నాకు బాగా గుర్తు. లస్మవ్వకు ఫోన్ చేసి, నన్ను గదిలోకి తీసుకున్నారని గొప్పగా చెప్పాను. నేను వాసన చూసి తలెత్తినప్పుడల్లా ఆయన తలూపితే, పరీక్షలో నెగ్గానని పొంగిపోయేవాణ్ని. పన్నెండేళ్లు పొంగిపోయాను.

అంటే పదహారో తారీఖున నేను ఆయన ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశాడు. వాసన తెలియని ఇద్దరం ఒకరినొకరు నమ్ముకుని తొమ్మిది ఇళ్ల గులాబీలను మాడ్చాం. నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది, తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"శుక్రవారం కూడా ఆయన నీ ముఖమే చూస్తాడు" అంది. "మాడు మరీ ఎక్కువేం కాదు. ఆయన తలూపితే మదీహా కూడా కాదనదు. కొండ పన్నీరుకు పొగ ఉంటుందిలే అనుకుంటారు."

"అంటే, నన్నేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యమనడం లేదు. నీకు తెలియాలని చెప్పాను."

ఇది జలుబు కాదు. రాసేశాను. నాకు వాసన పోయింది, ఇక రాదు.

ఏప్రిల్ 24

పొయ్యి వెలిగించలేదు. మోకాళ్ల నొప్పి అని చెప్పాను. అదైనా నిజం.

గడ్డం గీసుకుంటూ అద్దంలో కళ్లు సగం మూసి చూశాను. బాగానే వస్తోంది.

ఏప్రిల్ 25

నమాజు అయింది. తొమ్మిది ఇళ్ల మగవాళ్లు వాకిట్లో చాపల మీద కూచున్నారు. ఆడవాళ్లు అరుగు మీద. ఖర్జూరాలు, ఖావా. మదీహా తండ్రి పక్కన నిలబడింది. నేను బానకు ఇవతల, బాబాకు ఎదురుగా. నా చోటు ఎప్పుడూ అదే.

హుస్నా అమ్మ గుడ్డ విప్పింది. ముందు వరసలో ఒకాయన దగ్గాడు. మదీహా ముక్కు కొద్దిగా ముడిచి, వెంటనే సర్దుకుని తండ్రి వైపు చూసింది. అందరూ ఆయన వైపే చూశారు. హుస్నా అమ్మ గరిటెతో ఆయన ఎడమ అరచేతిలో పోసింది. ఆయన చెయ్యి ముఖం దాకా ఎత్తుకుని పీల్చాడు, బాగా, ఛాతీ పొంగేలా. పదమూడేళ్లుగా ఏమీ తెలియనివాడు అంత శ్రద్ధగా పీల్చాడు.

తర్వాత నన్ను చూశాడు.

కళ్లు సగం మూస్తే చాలు. పొయ్యిలు ఉంటాయి, గది ఉంటుంది, నేను ఉంటాను. నిజాయితీపరుణ్ని కనుక మూయలేదని రాసుకుంటే అబద్ధం. మూయడానికే వచ్చాను. కానీ ఆ కళ్లు చూడగానే, వచ్చే ఏడు మళ్లీ ఇలాగే, ఆ పై ఏడు మళ్లీ ఇలాగే ఈ ముసలాయనకు ముఖం పెట్టి చూపించాలి కదా అనిపించింది. అలసిపోయాను. అంతే.

"నాకు వాసన రావడం లేదు, బాబా" అన్నాను. "డిసెంబరు నుంచి రావడం లేదు. నా ముఖం నమ్మకండి."

బాబా చేతిలో నీళ్లు మోచేతి మీదుగా కారి చొక్కా తడిసింది. నన్నే చూస్తున్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆ తడిచేతి వేలు తన ముక్కు మీద పెట్టుకుని, తొమ్మిది ఇళ్ల వాళ్ల ముందు, అడ్డంగా తలూపాడు. ఒకసారి కాదు, అందరికీ అర్థమయ్యేదాకా.

మదీహా తల్లి వైపు తిరిగింది. "ఎప్పటి నుంచి?"

"నీ పెళ్లికి ముందు ఏడు నుంచి."

"మరి ఇన్నేళ్లు? నిజ్వాలో ప్రతి సీసా మా నాన్న చూసిన వాసన అని చెప్పి అమ్మానే! అది ఎవరి వాసన?"

"ఓంకార్‌ది" అంది హుస్నా అమ్మ, గరిటె నా వైపు చూపించి.

చాపల మీద వాళ్లందరూ నా వైపు తిరిగారు. వీళ్లలో కొందరు ఇన్నేళ్లలో నన్ను సదీక్ అనడమే గానీ, స్నేహితుడా అని పిలిచి పని చెప్పడమే గానీ, పేరు పలికి ఎరగరు. వెనక వరసలో ఒక ముసలాయన పక్కవాణ్ని అడిగాడు, ఏమిటి పేరు అని. పక్కవాడు చెప్పాడు. ఆయన మెల్లగా, నోరు తిరగక, రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

బానను నేనూ మరో ఇద్దరూ మోసుకెళ్లి దానిమ్మ చెట్ల మొదట్లో పోశాం. మిగిలిన పూలకు హుస్నా అమ్మ పొయ్యి దగ్గర కూచుంటానంది. సీజను అయ్యాక యంత్రం వస్తుంది. మదీహా జూలై మాట ఎత్తలేదు, ఎత్తక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. వెళ్లేముందు కారు దాకా వెళ్లి, తిరిగి వచ్చింది. నిరుటి పన్నీరు ఒక్క సీసా ఆమె దగ్గర మిగిలిందట. అది నా చేతిలో పెట్టింది. ఇంటికి తీసుకెళ్లమంది.

నా గదికి వచ్చి సీసా మూత తీశాను. నేను చేసిందే. అరచేతిలో పోసుకుని, బాబా లాగే, ఛాతీ పొంగేలా పీల్చాను. చల్లగా తగిలింది. అది ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.